తెరమీది ప్రయోగశాల - ఉపాధ్యాయుని అభ్యాసము

ఒక బ్యాటరీకి రెండు బల్బులను ఒకదాని తరువాత ఒకటిగా తీగలతో కలిపినామనుకొందము. రెండు బల్బులును వెలుగును. ఇప్పుడు పదవ తరగతి విద్యార్థులను ఒక ప్రశ్న అడిగి చూడవచ్చును: మొదటి బల్బులో కరెంటు ఎక్కువా, రెండవ దానిలో ఎక్కువా? ఓమ్ నియమమును తడుముకొనకుండ అప్పజెప్పగల విద్యార్థులలో సైతము పలువురు, "మొదటి బల్బు కొంత కరెంటు వాడుకొనును గదా, కనుక రెండవ దానికి తక్కువే మిగులును" అని చెప్పుదురు.

ఇది తెలివితక్కువ సమాధానము కాదు. పొయ్యిలో కట్టె కాలి తరుగుట, దీపములో నూనె ఇంకుట చూచిన బుద్ధికి ఇట్లే తోచును. కాని సమాధానము తప్పు. వలయమంతటను కరెంటు ఒక్కటే. బల్బుల వద్ద వెలుతురుగాను, వేడిగాను బయటికి పోవునది శక్తి. ఆవేశ ప్రవాహము తరుగదు. నల్లబల్లపై గీసిన పటము కదలదు; తీగలోని ఎలక్ట్రాన్లు కంటికి కనబడవు. అందువలన ఈ పొరపాటు పరీక్ష గడిచిన తరువాత కూడ చాలమంది మనస్సులో చెక్కుచెదరక నిలిచి యుండును. దీనిని తొలగించుటకు నేటి ఉపాధ్యాయునికి అందుబాటులోనికి వచ్చిన సాధనములలో అంతర్జాలమునందలి అనుకరణ ప్రయోగములు ముఖ్యమైనవి. వీనినే సిమ్యులేషన్లు అందురు.

సాధనము ఎట్టిది?

2001లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి పంచుకొన్న కార్ల్ వీమన్, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమునందు 2002లో "ఫెట్" అను పథకమును ప్రారంభించెను. విద్యుద్వలయములు, లోలకములు, కాంతి వక్రీభవనము మొదలైన అనేక విషయములపై ఈ పథకము అనుకరణలను తయారుచేసినది. విద్యుద్వలయముల అనుకరణలో తెరపై బ్యాటరీలు, బల్బులు, తీగలు, స్విచ్చులు, అమ్మీటరు ఉండును. విద్యార్థి వానిని వ్రేలితో లాగి తనకు తోచినట్లు కలుపవచ్చును. వలయము పూర్తియైన క్షణమున బల్బు వెలుగును. తీగలలో చిన్న గుండ్లవలె ఎలక్ట్రాన్లు కదలును.

సినిమాకును దీనికిని గల భేదమును గుర్తింపవలెను. సినిమాలో తరువాతి బొమ్మ ముందే నిర్ణయమై యుండును. అనుకరణలో విద్యార్థి ఏ తీగను ఎక్కడ కలుపునో ముందుగా ఎవరికిని తెలియదు. వలయము మారినప్పుడెల్ల కంప్యూటరు దానికి తగిన సమీకరణములను కొత్తగా సాధించి, ఆ ఫలితమును తెరపై చూపును. అందుచేతనే తప్పుగా కలిపిన వలయము కూడ పాఠము చెప్పగలదు.

మొదటి నాటి పొరపాటు

ఈ సాధనమును తొలిసారి చేపట్టిన ఉపాధ్యాయుడు సాధారణముగా ఒక పని చేయును. తెరముందు తానే నిలిచి, తానే తీగలు కలిపి, తానే వివరించును. నలుబదిమంది పిల్లలు కదిలే గుండ్లను చూచి ఆనందింతురు. మరునాడు మొదటి ప్రశ్ననే తిరిగి అడిగినచో పాత సమాధానమే వచ్చును. సాధనము చెడ్డది కాదు. పిల్లలకు చూచుట తప్ప ఆలోచించు పని పడలేదు.

బోధనా పరిశోధకులు సూచించు క్రమము సులభమైనదే: ముందు ఊహ, తరువాత పరిశీలన, చివర వివరణ. ఆస్ట్రేలియాకు చెందిన వైట్, గన్‌స్టోన్ అను ఇద్దరు విద్యావేత్తలు 1992లో ప్రచురించిన గ్రంథము ద్వారా ఈ పద్ధతి విశేషముగా ప్రచారమైనది. దానిని మన బల్బులకు వర్తింపజేసి చూతము.

9 వోల్టుల బ్యాటరీకి 10 ఓముల బల్బు నొకదానిని కలిపినచో అమ్మీటరు 0.90 ఆంపియరు చూపును. రెండవ బల్బును శ్రేణిలో చేర్చుటకు ముందు ఉపాధ్యాయుడు చేయి ఆపవలెను. మొదటి బల్బుకు ముందు, రెండింటి నడుమ, రెండవ దాని తరువాత అమ్మీటరు ఎంతెంత చూపునో ప్రతి విద్యార్థియు కాగితముపై వ్రాయవలెను. ఆ పిమ్మట ఒక విద్యార్థి వచ్చి వలయమును కలుపవలెను. మూడు చోట్లను 0.45 ఆంపియరే కనబడును. ఏలయన మొత్తము నిరోధము 20 ఓములు. తాను వ్రాసిన అంకె తెరపై అంకెతో ఢీకొన్నప్పుడు విద్యార్థి "ఎందుకు?" అని తానే అడుగును. అసలు పాఠము అక్కడ మొదలగును.

తరువాత అవే బల్బులను సమాంతరముగా కలుపవలెను. బ్యాటరీ ఎప్పుడును ఒకే కరెంటు ఇచ్చునని నమ్మినవారు ఒక్కొక్క బల్బులో 0.45 వ్రాయుదురు. ఫలితము మరొక విధముగా నుండును: ఒక్కొక్క బల్బులో 0.90, బ్యాటరీ నుండి 1.80 ఆంపియర్లు. ఈ విధముగా ఒకే పీరియడులో రెండు అపోహలు బయటపడును.

తెర చెప్పనివి

ఏ నమూనాయైనను నిజమును కొంత సరళము చేయును. ఎక్కడ సరళము చేసినదో ఉపాధ్యాయునికి తెలిసి యుండవలెను. తెరపై గుండ్లు చురుకుగా సాగును. నిజమైన రాగితీగలో ఎలక్ట్రాన్ల సగటు ముందడుగు సెకనుకు మిల్లీమీటరులో కొద్ది భాగము మాత్రమే. స్విచ్చు వేసిన వెంటనే బల్బు వెలుగుటకు కారణము వేరు: విద్యుత్ క్షేత్రపు మార్పు దాదాపు కాంతివేగముతో తీగ వెంట వ్యాపించి, అంతటనున్న ఎలక్ట్రాన్లను ఒక్కసారిగా కదిలించును. మరియు, లెక్క సులభమగుటకు పై ఉదాహరణలో బల్బు నిరోధము మారదని భావించితిమి. నిజమైన టంగ్‌స్టన్ తీగ వేడెక్కిన కొలది దాని నిరోధము పెక్కురెట్లు పెరుగును. ఈ సంగతి తెలియని విద్యార్థి టార్చి బల్బుతో కొలిచి, ఓమ్ నియమమే తప్పని భ్రమపడవచ్చును.

కనుక తెరను నిజవస్తువులతో సరిచూచు అలవాటు పిల్లలకు కలుగవలెను. లోలకము ఇందుకు మంచి ఉదాహరణ. మీటరు పొడవుగల దారమునకు రాయి కట్టి కొద్దిగా ఊపినచో పది డోలనములకు సుమారు 20 సెకనులు పట్టును; పొడవు 25 సెంటీమీటర్లయినచో 10 సెకనులు. తెరమీది లోలకము కూడ ఇదే చెప్పవలెను. చెప్పినదని చూచిన పిమ్మట, దారముతో సాధ్యము కాని ప్రశ్న వేయవచ్చును: చంద్రునిపై ఇదే లోలకము ఎట్లు ఊగును? అచ్చట పది డోలనములకు దాదాపు 49 సెకనులు పట్టును. తరగతి గదిలో చంద్రుని ఆకర్షణను తెప్పించుట తెరకే సాధ్యము.

నిజపరికరములు అక్కరలేదా?

కొలరాడో విశ్వవిద్యాలయమున జరిగి 2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, విద్యుద్వలయములను కొందరు విద్యార్థులు నిజపరికరములతోను, మరికొందరు అనుకరణతోను అభ్యసించిరి. అనుకరణతో నేర్చినవారు భావనలకు సంబంధించిన ప్రశ్నలలోను, నిజమైన వలయమును కూర్చి వివరించుటలోను మెరుగుగా రాణించిరి. దీనినిబట్టి పరికరములను బీరువాలో పెట్టి తాళము వేయవలెనని అర్థము కాదు. వదులైన కలయిక, నీరసించిన బ్యాటరీ, చేతికి తగిలిన వేడి - ఇవన్నియు తెరపై దొరకవు. పరికరములు చాలని పాఠశాలలో తెర లోటు తీర్చును. ఉన్నచోట రెండును ఒకదానికొకటి తోడగును.

కొన్ని మెలకువలు

పాఠమునకు ముందు ఉపాధ్యాయుడు ఆ అనుకరణతో అరగంటయైనను ఒంటరిగా ఆడుకొనవలెను. కావలెనని తప్పులు చేసి చూడవలెను. నెట్టు నమ్మదగినది కానిచోట అనుకరణను ముందే దింపుకొని యుంచుకొనవచ్చును. ఫెట్ వారి నేటి అనుకరణలు ఇందుకు వీలు కల్పించుచున్నవి. ఒక పీరియడుకు ఒక ప్రశ్న చాలును. తెర ఒక్కటే ఉన్నను ఊహలు నలుబది ఉండవలెను.

మీటలు నొక్కుటలో పిల్లలు తనకంటె చురుకుగా నుందురని కొందరు ఉపాధ్యాయులు జంకుదురు. ఇందులో చిన్నతనము లేదు. తెరను పిల్లవానికి అప్పగించి, "ఇట్లు కలిపినచో ఏమగును?" అని అడుగుట ఉపాధ్యాయుని పని. ఆ ప్రశ్నను కంప్యూటరు వేయలేదు.

సాధనములు మారుచుండును. ఫ్లాష్ అను పద్ధతిలో తయారైన పాఠములను ఎందరో ఉపాధ్యాయులు శ్రమించి అభ్యసించిరి. 2020 డిసెంబరుతో దానికి ఆదరువు నిలిచిపోగా వానిలో అనేకము పనికిరాకపోయినవి. మీటల వరుసను మాత్రమే కంఠస్థము చేసినవారి శ్రమ దానితోనే పోయినది. ఏ అపోహను ఏ ప్రశ్నతో బయటికి లాగవలెనో నేర్చినవారు మాత్రము కొత్త తెరపై ఆ పాఠమునే తిరిగి చెప్పగలిగిరి. తెర లేనినాడు ఒక బ్యాటరీతోను, రెండు బల్బులతోను చెప్పగలరు.