మద్దెలకు చిల్లి పెట్టేదెవరు?

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనకు తెలియనిది కాదు. ఆట చెడ్డాక నెపం మద్దెల మీద వేయడం లోకసహజం. కాని ఆటకు ముందే, ఎవరూ చూడకుండా, తన మద్దెలకు తానే చిల్లి పెట్టుకునేవారిని గమనించారా? వారిని సోమరులని తిడుతుంటాం. నేను చూసినంతలో వారు భయస్థులు.

ఈ గుట్టు 1978లో అమెరికాలో బెర్గ్లాస్, జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. కొందరు విద్యార్థులకు జవాబు తేలని ప్రశ్నలిచ్చారు. ఏదో గుడ్డిగా రాసినా "చాలా బాగా చేశారు" అన్నారు. మళ్ళీ పరీక్ష ఉందని చెప్పి, రెండు మందులు చూపారు. ఒకటి బుద్ధిని చురుకు చేస్తుందట, రెండోది మందగింపజేస్తుందట. ఎందుకో తెలియని మెప్పు పొందిన మగపిల్లల్లో ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు! తప్పితే మందు వల్లనే అనవచ్చు. నెగ్గితే మందు మింగి కూడా నెగ్గామనవచ్చు. ఆడపిల్లల్లో ఇది అంతగా కనిపించలేదట. ఎందుకని మా ఇంట్లో అడిగే సాహసం నేను చేయలేదు.

మా అక్క కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. తెల్లవారితే పరీక్ష అనగా రెండో ఆట సినిమాకు వెళతాడు. "వాడు పుస్తకం పట్టుకుంటే చాలు, ఫస్టే" అని మా అక్క వీధంతా చాటుతుంది. పట్టుకున్నాక ఫస్టు రాకపోతే? ఆ భయంతోనే వాడు పుస్తకం పట్టడు. ఇప్పటికి రెండు పేపర్లు పోయాయి. చరిత్ర కూడా పోతే ఏడాది పోయినట్టే.

అయితే వాడి దగ్గర ఓ విద్య ఉంది. చూసొచ్చిన సినిమా కథ మర్నాడు అరుగు మీద కూర్చుని చెపుతుంటే, పాలవాడు కూడా క్యాను దించి వింటాడు. అందుకని నేను చదవమనడం మానేసి, "ఒరేయ్, ప్లాసీ యుద్ధం కథేమిటో చెప్పరా" అన్నాను. 1757, సిరాజుద్దౌలా, క్లైవు, మీర్ జాఫర్ ద్రోహం - మహా జోరుగా సాగింది. "మరి ఆ ద్రోహికి గద్దె ఎన్నాళ్ళు నిలిచిందిరా?" అన్నాను.

వాడు ఆగాడు. "ఉండు మామయ్యా" అని లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చుకున్నాడు. రాత్రి భోజనాల దగ్గర, 1760లో ఇంగ్లీషువాళ్ళు మీర్ జాఫర్‌ను దించి మీర్ ఖాసింను ఎక్కించిన వైనమంతా చెప్పాడు.

"అక్కా, తెలివైనవాడని ఇక అనకు. వాడు చెప్పినదాని గురించి ఏదైనా అడుగు" అన్నాను.

మా అక్క కాసేపు ఆలోచించి, "ఆ మీర్ ఖాసిం ఏమయ్యాడురా?" అంది.