స్టేషన్లోనే పక్క, నిశ్చింతగా నిద్ర

ఆ మధ్య మా అక్కకి విశాఖపట్నంలో ఆపరేషనైంది. చూసొద్దామని ఏలూరులో పొద్దున్నే బండెక్కాను. సాయంత్రానికి తిరిగొచ్చేద్దామనుకున్నాను గానీ అక్క చెయ్యి వదల్లేదు. తీరా రాత్రి ఎనిమిదయ్యాక రోగి దగ్గర ఒక్కరే ఉండాలన్నారు. అక్క కూతురు ఉండిపోయింది. మరి నేనెక్కడికి వెళ్లను?

ఇలాంటి రాత్రి నాకు కొత్త కాదు. పెళ్లయిన కొత్తలో అమ్మా నేనూ వేరే ఊళ్లో ఇలాగే చిక్కుకుపోయాం. లాడ్జి గుమాస్తా ఎగాదిగా చూసి "మగతోడు లేకుండా గది ఇవ్వమమ్మా" అన్నాడు. చేతిలో డబ్బుండి కూడా ప్లాట్‌ఫారం మీద పేపర్లు పరుచుకుని, గొలుసు జాకెట్లోకి తోసుకుని తెల్లవార్లూ కూర్చున్నాం. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఈసారి ఫోన్లో మావారే చెప్పారు, విశాఖ స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర 'స్లీపింగ్ పాడ్స్' ఉన్నాయని. 2025 జులైలో మొదలయ్యాయి. మొత్తం 88 పడకలు. అందులో 18 ఆడవాళ్లకే, విడిగా. ఒక మనిషికి మూడు గంటల వరకు 200 రూపాయలు, రోజంతా అయితే 400 అని మొదట్లో ధర పెట్టారు. వెళ్లేముందు మీరూ ఓసారి కనుక్కోండి.

చూడగానే నాకు నవ్వొచ్చింది. మన ఆటపాకలో పెలికాన్లు గూళ్లు పెట్టుకోవడానికి కొల్లేట్లో ఇనుప స్టాండ్లు కట్టారు చూడండి, అచ్చం అలా ఒకదాని మీద ఒకటి! లోపల పరుపు, లైటు, ఏసీ. కూర్చోవచ్చు, నిలబడలేం. మొదటి పది నిమిషాలు గుండె దడదడలాడింది. కళ్లు మూసుకుని రైలు బెర్తే అనుకున్నాక సర్దుకుంది.

అసలీ పద్ధతి జపాన్ వాళ్లది. 1979లో ఒసాకాలో కిషో కురొకావా అనే ఆయన మొదటి క్యాప్సూల్ హోటల్‌కి రూపం ఇచ్చారు. ఆఖరి రైలు తప్పిపోయిన ఉద్యోగస్థులకి బాగా పనికొచ్చింది. మొదట్లో చాలా వాటిలో మగవాళ్లకే చోటు. ఆడవాళ్లకి అంతస్తులు తర్వాత తర్వాత వచ్చాయి. అక్కడా అంతేనన్నమాట! మన దేశంలో 2021లో ముంబై సెంట్రల్ స్టేషన్లో పెట్టారు.

మోకాళ్ల నొప్పులుంటే కింది పడకే అడగండి. ఏసీకి పల్చటి దుప్పటి చాలదు, శాలువా పెట్టుకోండి. స్నానాల గదులు అందరికీ కలిపే, కాబట్టి తువ్వాలు, నైటీ పైనే సర్దుకోండి. గాజుల చప్పుడు కూడా పక్కవాళ్లకి వినిపిస్తుంది, నేను తీసి పర్సులో పెట్టేశాను. ఎవరిదో ఫోను రెండు గంటలకి మోగి అందరం లేచాం! పడకలోకి వెళ్లేముందే తిండి తినేయండి. కొల్లేరు చేపల పులుసు కారియరుతో మాత్రం వెళ్లకండి, మీ పుణ్యముంటుంది.

చంటిపిల్లలతో అయితే నేను వెళ్లమనను. నలుగురు కలిసి వెళ్తే నాలుగు పడకల డబ్బుతో మామూలు గదే నయం. ఒంటరిగా, ఒక్క రాత్రికి అయితేనే ఇది.

పొద్దున్నే వేడినీళ్లు పోసుకుని, ఇస్త్రీ చెదరని చీరతో ఆస్పత్రికెళ్తే అక్క "రాత్రెక్కడ పడుకున్నావే?" అంది.

"స్టేషన్లో" అన్నాను.

"అయ్యో నా తల్లీ!" అని అక్క లేచి కూర్చోబోయింది. కుట్లు కదులుతాయని నర్సు నన్ను కేకలేసింది.