బొంగరం ములికీ, తుంటి బంతీ

ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం నేనెప్పుడూ ఇటుకతోనే మొదలుపెడతాను. బల్ల మీద ఇటుకను వెడల్పుగా పడుకోబెట్టి స్ప్రింగ్ త్రాసుతో లాగినా, పక్కకు తిప్పి సన్నటి అంచు మీద లాగినా ముల్లు ఒకే చోట నిలుస్తుంది. ‘తాకే వైశాల్యంతో ఘర్షణకు పనిలేదు’ అని బోర్డు మీద రాసి కింద గీత గీస్తాను. పోయినేడాది ఆ గీత గీసి ఇటు తిరిగేసరికి రెండో బెంచీలో అమ్మాయి చెయ్యెత్తింది.

‘‘మా నానమ్మకి తుంటి మారుస్తారంట సార్. లోపల పెట్టే బంతి ముప్పై రెండు మిల్లీమీటర్లదా, ముప్పై ఆరుదా అని నాన్న, డాక్టరు గారు మాట్లాడుకున్నారు. వైశాల్యంతో పనిలేదన్నారుగా, మరి బంతి ఎంతుంటేనేం?’’

‘‘రేపు చెబుతా’’ అన్నాను. మాస్టార్లందరికీ తెలిసిన ఎత్తు అది. మర్నాడు సంచిలో రెండు బొంగరాలు తీసుకెళ్లాను. రెండూ ఒకే కర్రవి, ఒకే బరువు. ఒకదాని ములికి సూదిలా ఉంది. రెండోదాని ములికిని నేనే ఆకురాయితో అరగదీసి మొద్దు చేశాను. ఒకే గచ్చు మీద వేస్తే సూది ములికి బొంగరం నిద్రపోయింది, మొద్దు ములికిది కాసేపటికే ఊగి పడిపోయింది.

గచ్చుకీ ములికికీ మధ్య రాపిడి బలం రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే, ఇటుక పాఠం తప్పేమీ కాదు. తేడా అంతా ఆ బలం ఎక్కడ పట్టుకుంటోందన్న దాంట్లో ఉంది. సూది ములికిలో రాపిడి అక్షాన్ని ఆనుకునే ఉంటుంది. మొద్దు ములికిలో అక్షానికి దూరంగా, అంచు దగ్గర పట్టుకుంటుంది. తలుపును బందు దగ్గర పట్టుకుని ఆపాలంటే ఎంత కష్టమో, చివర పట్టుకుంటే ఎంత తేలికో అందరికీ తెలుసు. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేదే టార్క్. తిరిగే వస్తువును ఆపేది బలం కాదు, టార్క్. ఈ ఒక్క గుణకారం మీద ఇరవయ్యో శతాబ్దంలోకెల్లా గొప్ప శస్త్రచికిత్స ఒకటి నిలబడి ఉందని చెబితే ఆ పిల్ల నమ్మలేదు. అందుకే ఆ కథ మొదటినుంచీ చెప్పాల్సొచ్చింది.

కథ ఒక కిర్రుతో మొదలవుతుంది. మన పెద్దవాళ్లు కిర్రు చెప్పులు వేసుకుని దర్జాగా నడిచేవారు, తుంటే కిర్రుమంటే మాత్రం దర్జా ఏముంటుంది! 1946 ప్రాంతంలో పారిస్‌లో జుదె అన్నదమ్ములు అరిగిపోయిన తొడ ఎముక తలను కోసేసి, దాని స్థానంలో యాక్రిలిక్ బంతి పెట్టడం మొదలుపెట్టారు. నొప్పి తగ్గింది, కానీ కొందరికి కీలు చప్పుడు చేసేది. అలాంటి ఒకాయన ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే ఎముకల సర్జన్ దగ్గరికి వచ్చాడు. ముందుకు వంగినప్పుడల్లా తుంటి కీచుమనేదట, ఆ చప్పుడు భరించలేక భార్య అదే గదిలో ఉండేది కాదని చెబుతారు. ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారే. చార్న్‌లీ చెవికి మాత్రం ఆ కీచుమనడం నూనె లేని బండి ఇరుసులా వినిపించింది. కీచుమంటోందంటే రాపిడి ఎక్కువుంది. రాపిడి ఎక్కువుంటే బంతి తిరిగినప్పుడల్లా దాని కాడను కూడా ఎముకలో తిప్పుతుంది, చివరికి వదులు చేసేస్తుంది.

లాంకషైర్‌లో బట్టల మిల్లుల మధ్య పుట్టినవాడు చార్న్‌లీ. ఇంట్లో లేతు ఉన్న సర్జన్. విగాన్ దగ్గర రైటింగ్టన్ అనే పాత క్షయ ఆసుపత్రిలో తనకంటూ ఒక ప్రయోగశాల పెట్టుకున్నాడు. ముందుగా దేవుడిచ్చిన కీలు ఎంత జారుతుందో కొలిచి చూశాడు. మృదులాస్థి మీద మృదులాస్థి మంచు మీద మంచు కంటే నున్నగా జారుతుంది. లోహమో ప్లాస్టికో పెట్టి శరీరంలోని ద్రవమే నూనెలా పనిచేస్తుందిలే అనుకుంటే కుదరదని, పదార్థానికే పుట్టుకతో జారుడు ఉండాలని తేల్చుకున్నాడు. అలా టెఫ్లాన్ దొరికింది, మన నాన్‌స్టిక్ దోసె పెనం మీది పూత. తొడ ఎముకలో స్టీలు బంతి, కటిలో టెఫ్లాన్ గిన్నె.

ఇక్కడే బొంగరం ములికి ఆయన బుర్రలో మెరిసింది. అందరూ బంతిని అసలు ఎముక తల అంత పెద్దదిగా, నలభై మిల్లీమీటర్లు దాటి చేస్తున్నారు. ప్రకృతి చేసిన సైజు కదా, అదే సరైందని వారి లెక్క. చార్న్‌లీ బంతిని తగ్గిస్తూ తగ్గిస్తూ అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులకు, అంటే 22.225 మిల్లీమీటర్లకు తెచ్చాడు. వ్యాసార్థం దాదాపు సగమైంది కాబట్టి రాపిడి టార్క్ కూడా దాదాపు సగమైంది. నాకు బాగా నచ్చేది దీని రెండో సగం. బంతి చిన్నదైన కొద్దీ గిన్నె గోడ మందంగా చేసుకోవచ్చు. అంటే గిన్నె లోపలి వ్యాసార్థం చిన్నది, బయటి వ్యాసార్థం పెద్దది. గిన్నెను తిప్పేయాలని చూసే బలం లోపల, అక్షం దగ్గర పనిచేస్తోంది. తిరగకుండా ఆపే ఎముక పట్టు బయట, దూరంగా ఉంది. తలుపును బందు దగ్గర ఒకడు తోస్తున్నాడు, చివర ఇంకొకడు పట్టుకున్నాడు. ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు.

గిన్నెనూ కాడనూ ఎముకలో నిలపడానికి పళ్ల డాక్టర్లు వాడే యాక్రిలిక్ సిమెంటు తెచ్చుకున్నాడు. దాన్ని జిగురు అనడం ఆయనకు నచ్చేది కాదు. గచ్చు రాళ్ల సందుల్లో సున్నం దూరినట్టు ఎముక రంధ్రాల్లోకి దూరి బరువును పరిచేస్తుందే తప్ప అంటించదు.

అప్పట్లో నార్విచ్‌లో కెన్నెత్ మెకీ అనే ఇంకో సర్జన్ లోహపు గిన్నెలో పెద్ద లోహపు బంతి పెట్టి తుంటులు మారుస్తున్నాడు. చార్న్‌లీ ఆయనకు జవాబుగా ఒక లోలకం యంత్రం చేయించాడు. పక్కపక్కనే రెండు కృత్రిమ కీళ్లు, రెండింటికీ బరువులు వేలాడదీసి ఒకేసారి వదలాలి. లోహం మీద లోహం ఉన్నది కొద్ది ఊపులకే బిగదీసుకుని ఆగిపోయేది, చిన్న బంతిది ఊగుతూనే ఉండేది. సభలో పెద్దల ముందు పెట్టడానికి ఇంతకంటే కొంటె సాక్ష్యం ఉండదు. నిజం చెప్పాలంటే మెకీ తుంటులు కొన్ని ఇరవై ఏళ్లు దాటి కూడా పనిచేశాయి. బల్ల మీద గెలిచినవన్నీ ఒంట్లో గెలవాలని లేదు. ఆ సంగతి చార్న్‌లీకి త్వరలోనే తెలిసొచ్చింది.

టెఫ్లాన్ దోసె పెనం మీద స్టీలు గరిటె గీస్తే ఏమవుతుందో వంటింట్లో అందరికీ తెలుసు. చార్న్‌లీ వేసిన సుమారు 300 తుంటుల్లో అదే జరిగింది. రెండు మూడేళ్లకే గిన్నెలు అరిగిపోయి బంతి లోపలికి దిగబడింది, రాలిన పొడి చుట్టూ కండరంలో జున్నులాంటి ముద్దలు కట్టాయి. ఒక్కొక్కరినే మళ్లీ బల్ల ఎక్కించి విప్పాల్సొచ్చింది. సూది ములికితో వచ్చే తంటా ఇదే. టార్క్ తగ్గుతుంది, కానీ బరువంతా చిన్న చోట పడి కింది నేలను తొలిచేస్తుంది.

1962 మే నెలలో ఒక సేల్స్‌మన్ రైటింగ్టన్‌కు వచ్చాడు. మగ్గాల పళ్లచక్రాలు చేసే కొత్త ప్లాస్టిక్ ముక్క ఒకటి చూపించాడు. మన బకెట్లు చేసే పాలిథీనే, కానీ దాని అణువుల గొలుసులు ఎన్నో రెట్లు పొడుగు. చార్న్‌లీ దాని మీద గోరు గుచ్చి చూసి, పనికిరాదని వెళ్లిపోయాడు. ప్రయోగశాలలో హ్యారీ క్రేవెన్ అనే టెక్నీషియన్ ఉండేవాడు. దొరగారు కోపెన్‌హేగన్ సభకు వెళ్లిన సమయం చూసి, ఆయన వద్దన్న ముక్కను అరుగుదల యంత్రం మీద ఎక్కించేశాడు. మూడు వారాల పాటు రాత్రీ పగలూ నడిపాక చూస్తే, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగేంత కూడా అది అరగలేదు. చార్న్‌లీ తిరిగొచ్చి ఆ లెక్క చూసుకున్నాడు. అదే ఏడాది నవంబరులో ఆ ప్లాస్టిక్ గిన్నెతో మొదటి తుంటి వేశాడు. ఈసారి మాత్రం తొందరపడలేదు. టెఫ్లాన్ పొడి, పాలిథీన్ పొడి తన తొడలోనే పెట్టించుకుని నెలల తరబడి తడిమి చూసుకున్నాడు. టెఫ్లాన్ ఉన్న చోట గడ్డ తగిలింది, రెండోది తగల్లేదు. ఇతర సర్జన్లకు తన తుంటిని ఇవ్వడానికి కొన్నేళ్లు ఆగాడు. పేషెంట్లను చనిపోయాక తమ తుంటి తిరిగి ఇచ్చేలా ముందే ఒప్పించుకునేవాడు. అరుగుదల కొలవాలి కదా! నిజానికి పాలిథీన్ టెఫ్లాన్ అంత జారదు. జారుడు తక్కువైనా కీలు నిలబడిందంటే కారణం ఆ బుల్లి బంతే.

అమ్మాయి ఇంతసేపూ విని, ‘‘డాక్టరు గారు ముందునుంచి చేస్తే మేలా, వెనకనుంచి చేస్తే మేలా అని కూడా నాన్న అడుగుతున్నాడు సార్’’ అంది. ఈ ప్రశ్నకు బొంగరం సరిపోదు.

తుంటి కీలు ఒంట్లో లోతుగా ఉంటుంది, చుట్టూ కండరాల కోట. లోపలికి వెళ్లాలంటే ఏదో ఒక గుమ్మం తెరవాలి. చార్న్‌లీ పక్కనుంచి వెళ్లేవాడు, అదీ తొడ ఎముక పైనున్న బుడిపెను రంపంతో కోసి పైకెత్తి, పని అయ్యాక తీగలతో కట్టేసేవాడు. కట్టేటప్పుడు దాన్ని కాస్త బయటికి జరిపేవాడు. ఒంటికాలి మీద నిలబడినప్పుడు ఒంటి బరువు ఒక పక్కకూ, ఈ బుడిపెను లాగే కండరం ఇంకో పక్కకూ తూగుతాయి. కండరం వైపు దూరం తక్కువ కాబట్టి అది బరువుకు మించి లాగాలి, మధ్యలో కీలు మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు పడుతుంది. బుడిపెను బయటికి జరిపితే ఆ లాగుడు తగ్గుతుంది. మళ్లీ టార్కే! కానీ తీగలు తెగేవి, బుడిపె అతుక్కోకపోయేది. రైటింగ్టన్‌లోనే పనిచేసిన కెవిన్ హార్డింజ్ ఎముక కోయకుండా అదే కండరాన్ని చీల్చి పక్కనుంచి వెళ్లే దారిని 1982లో రాశాడు. ఆ కండరం సరిగా మానకపోతే మనిషి కుంటుతాడు.

వెనక దారికి పేరు తెచ్చింది అమెరికాలో సౌత్ కరోలినా సర్జన్ ఆస్టిన్ మూర్. మన ఆసుపత్రుల్లో తొడ ఎముక మెడ విరిగిన ముసలివాళ్లకు దశాబ్దాలుగా వేస్తున్న ‘ఆస్టిన్ మూర్’ కృత్రిమ తల ఈయనదే. పిరుదు కండరాన్ని పోగుల వెంబడి విడదీసి, తొడను బయటికి తిప్పే చిన్న కండరాలను విప్పి లోపలికి వెళ్తారు. కీలంతా బాగా కనిపిస్తుంది, నడిపే ముఖ్య కండరం జోలికి పోనక్కర్లేదు. చిక్కల్లా తెరిచిన గుమ్మం వెనక ఉండటంతోనే. మోకాలు పైకి మడిచి లోపలికి తిప్పితే బంతి అటువైపే జారి బయటపడొచ్చు. కింద కూర్చుని లేచే మనవాళ్లకు, గొంతుకూర్చునే వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అందుకే పని అయ్యాక ఆ కీలు సంచినీ చిన్న కండరాలనూ తిరిగి కుట్టేస్తారు. అలా కుట్టడం మామూలయ్యాక జారడం బాగా తగ్గింది.

ముందు దారి కండరాల మధ్య సందులోంచి పోతుంది, దేన్నీ పెద్దగా కోయనక్కర్లేదు. ఈ మధ్య ఆసుపత్రుల బోర్డులన్నింటి మీదా కనిపించేది ఇదే. కొత్తదేమీ కాదు. కీచుమనే బంతి చేసిన అన్నదమ్ములున్నారే, వాళ్లలో రోబెర్ట్ జుదె 1947లోనే ఈ దారిన వెళ్లాడు. మొదటి వారాల్లో నడక త్వరగా వస్తుంది, కొన్ని నెలలయ్యాక అందరూ ఇంచుమించు ఒక చోటికే చేరతారు. తొడ ముందు, బయటి పక్క చర్మానికి వెళ్లే నరం దెబ్బతిని తిమ్మిరి మిగలొచ్చు. ఇరుకులో కాడ దించేటప్పుడు ఎముక చిట్లొచ్చు. ఆ ఇరుకు అలవాటు కావాలంటే ఒక సర్జన్ చేతి మీదుగా యాభై దాకా ఆపరేషన్లు సాగాలని ఆస్ట్రేలియా లెక్కలు చూసినవారు చెప్పారు. కెనడాలో ఆంటారియో పరిశోధకులు ఏడాదికి 35 కంటే తక్కువ తుంటులు చేసే సర్జన్ల దగ్గర కీలు జారడాలూ, మళ్లీ చేయించుకోవాల్సి రావడాలూ ఎక్కువని 2014లో తేల్చారు. ‘‘ముందా, వెనకా అని కాదమ్మా, ‘మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, అందులో ఈ దారిన ఎన్ని’ అని నాన్నని అడగమను’’ అన్నాను. డాక్టరుకు కోపం వస్తుందేమో అంది. ఏడాదికి వందలు చేసేవాడికి రాదన్నాను.

మిగతా చరిత్ర గంట కొట్టే లోపు ముగించాను. చార్న్‌లీ 1977లో సర్ అయ్యాడు, 1982లో పోయాడు. పాలిథీన్ పొడి కూడా ఏళ్ల మీద ఎముకను తినేస్తుందని తేలింది. రేడియేషన్‌తో దాని గొలుసుల మధ్య అడ్డకట్లు వేసి గట్టిపరిచారు. మెకీ లోహపు కీలు కొత్త వేషంలో తిరిగొచ్చింది. దాని పొడికి కండరాలు పాడై, ఒక పెద్ద కంపెనీ 2010లో తన రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది, మన దేశంలోనూ చాలామందికి అది వేశారు. ఫ్రాన్సులో బూతాఁ అనే ఆయన 1970లో మొదలుపెట్టిన పింగాణీ బంతి, పింగాణీ గిన్నె అసలు అరగవనిపించేంత గట్టివి. కానీ కొందరిలో అవి నడుస్తుంటే కీచుమంటాయి. జుదె బంతి చప్పుడు అరవై ఏళ్ల తర్వాత మళ్లీ వినపడింది.

రెండు నెలల తర్వాత ఆ అమ్మాయి వరండాలో ఆపింది. నానమ్మ వాకర్ వదిలేసి చేతికర్రతో నడుస్తోందట. ‘‘వెనకనుంచే చేశారు సార్, ఆ డాక్టరు గారు అన్నీ అలాగే చేస్తారంట. బంతి ముప్పై ఆరుది. మరి చార్న్‌లీ చెప్పింది తప్పా?’’

తప్పు కాదు. ప్లాస్టిక్ ఇప్పుడు అంతగా అరగదు కాబట్టి టార్క్ కాస్త పెరిగినా భరించగలం. 22 బంతి గిన్నె దాటాలంటే 11 మిల్లీమీటర్లు జరిగితే చాలు, 36ది 18 దాకా జరగాలి. కింద కూర్చునే అలవాటున్న నానమ్మకు ఆ ఏడు మిల్లీమీటర్లే కావాలి.

నేను ఇది చెబుతుండగానే తను నా సంచిలోంచి రెండు బొంగరాలూ తీసుకుని మెట్లు దిగింది. ఆటస్థలంలో లాంగ్‌జంప్ గుంట పక్క వదులు ఇసుక మీద రెంటినీ వేసింది. సూది ములికిది బొరియ తవ్వుకుంటూ కూరుకుపోయి ఒరిగింది. మొద్దు ములికిది ఇంకా తిరుగుతూనే ఉంది.