వానల ఊళ్ళో మంచు టైర్లు

నవంబరు నెల వచ్చిందంటే సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఈ ఏడు వింటర్ టైర్లు వేయించాలా, అక్కర్లేదా?" మినియాపొలిస్ నుంచో డిట్రాయిట్ నుంచో ఉద్యోగం మారి వచ్చినవారు "అవి లేకుండా కారు బయటికి ఎలా తీస్తారండీ?" అంటారు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నవారు "ఏడాదికి నాలుగు రోజుల మంచు కోసం నాలుగు టైర్లా?" అని నవ్వేస్తారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే ఎవరికి వారు తమ అనుభవం చెబుతున్నారే గాని, అది మీ ఇంటి లెక్క కాదు. ఆ లెక్క మీరే వేసుకోవడానికి కావలసిన సంగతులు కొన్ని ఈ వ్యాసంలో పోగుచేశాను.

ముందుగా ఒక మాటల చిక్కు విప్పుకుందాం. తెలుగులో తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డు కనబడకుండా కమ్ముకునేదీ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే, గాజుపలకలా గడ్డకట్టేదీ మంచే. మన ఊళ్ళలో ఒక్క మాటతో పని జరిగిపోయింది, ఎందుకంటే చివరి రెండిటితో మనకు పనే పడలేదు. కారు టైర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ రెండిటికీ చాలా తేడా ఉంది. అందుకని ఇంట్లో అనుకునేటట్టే, రాలేదాన్ని స్నో అనీ, గడ్డకట్టినదాన్ని ఐస్ అనీ అంటాను.

ఇక మన వాతావరణం సంగతి. సియాటిల్లో జనవరి నెల సగటు చూస్తే పగలు 48 డిగ్రీల ఫారెన్‌హైట్, రాత్రి 38 డిగ్రీలు. సెల్సియస్‌లో 9, 3. అంటే సగటు రాత్రి కూడా నీరు గడ్డకట్టదు. మనకు చలికాలమంటే వానాకాలమే. ఏడాదికి పడే స్నో సగటున ఆరంగుళాల ప్రాంతం. కానీ సగటును నమ్ముకుని ఏటి లోతు కొలవకూడదంటారు. 2019 ఫిబ్రవరిలో ఒక్క నెలలోనే విమానాశ్రయం దగ్గర 20 అంగుళాలు పడింది. 2022 డిసెంబరు 23న స్నో కాదు, వానే పడింది. పడ్డ చోటల్లా ఐస్ అయి కూర్చుంది. ఆ రోజు విమానాశ్రయంలో రన్‌వేలే మూసేశారు.

టైరు చేసే పని అంతా ఘర్షణ. రోడ్డుకీ రబ్బరుకీ మధ్య ఉండే పట్టును ఒక అంకెతో చెబుతారు. దానిని ఘర్షణ గుణకం అనవచ్చు. పొడి రోడ్డు మీద అది సుమారు 0.8. తొక్కుడుపడ్డ స్నో మీద మామూలు టైరుకి 0.2, మంచి వింటర్ టైరుకి 0.3 అనుకుందాం. తడిసిన ఐస్ మీద 0.1 ఉంటే గొప్ప. ఇవి ఉజ్జాయింపు అంకెలే, కానీ వీటితో కథ అర్థమవుతుంది. గంటకు 30 మైళ్ళ వేగంలో బ్రేకు నొక్కితే పొడి రోడ్డు మీద కారు 38 అడుగుల్లో ఆగుతుంది. స్నో మీద మామూలు టైర్లతో 150 అడుగులు, వింటర్ టైర్లతో 100 అడుగులు కావాలి. తడి ఐస్ మీద 300 అడుగులు.

స్నో మీద ఆ 50 అడుగుల తేడా మూడు కార్ల పొడవు. మీ ముందు స్కూలు బస్సు ఆగి ఉంటే ఆ మూడు కార్ల పొడవే సర్వస్వం. కాబట్టి వింటర్ టైర్లు ఒట్టి వ్యాపార ప్రచారం అనేవారి మాట నమ్మకండి. అయితే ఇదే లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. ఆగే దూరం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం సగం చేస్తే దూరం నాలుగో వంతు అవుతుంది. అదే స్నో మీద మామూలు టైర్లతోనే 15 మైళ్ళ వేగంలో వెళితే 38 అడుగుల్లో ఆగవచ్చు. అన్నిటికన్నా చవకైన వింటర్ టైరు మన కుడికాలే.

"మినియాపొలిస్‌లో మైనస్ ఇరవైలో నడిపినవాణ్ణి, ఇదొక లెక్కా?" అనుకునేవారు ఒకటి గమనించాలి. ఐస్ ఎంత చల్లగా ఉంటే టైరుకి అంత పట్టు దొరుకుతుంది. సున్నా సెల్సియస్ దరిదాపుల్లో ఐస్ పైపొర సగం నీరై ఉంటుంది. చక్రం దాని మీద జారుతుంది. మన దగ్గర పడే స్నో సరిగ్గా ఆ గీత మీదే ఊగుతుంది. పగలు కరుగుతుంది, రాత్రి గడ్డకడుతుంది, పొద్దున్న నల్లటి తారు రంగులోనే కనబడుతూ మోసం చేస్తుంది. మెత్తని వాతావరణంలో చలి తక్కువే గాని జారుడు ఎక్కువ.

దీనికి తోడు మన ఊళ్ళు కొండల మీద ఉన్నాయి. ఘర్షణ గుణకానికీ రోడ్డు వాలుకీ ఒక సూటి సంబంధం ఉంది. నూరడుగులు ముందుకు పోతే పదడుగులు దిగే రోడ్డు వాలు 0.1. తడి ఐస్ ఇచ్చే పట్టు కూడా 0.1. అంటే అలాంటి రోడ్డు మీద బ్రేకు వేసి నిలిపిన కారు కూడా తనంతట తాను జారిపోవచ్చు. సియాటిల్లో అంతకు రెట్టింపు వాలు ఉన్న వీధులున్నాయి. 2008 డిసెంబరు 19న కాపిటల్ హిల్ మీద రెండు అద్దె బస్సులు అలాగే జారి, వీధి చివర కంచె విరగ్గొట్టుకుని, ముందు భాగం ఐ-5 రహదారి మీద గాలిలో వేలాడుతూ ఆగాయి. అటువంటి రోజున అటువంటి వీధిలో ఏ రబ్బరూ మనల్ని కాపాడదు.

ఇంతకీ వింటర్ టైరులో ఉన్న ప్రత్యేకత ఏమిటి? మన వంటింట్లోనే సమాధానం ఉంది. చలి వేళ కొబ్బరినూనె సీసాలో పేరుకుపోతుంది. పక్కనే ఉన్న నువ్వులనూనె పారుతూనే ఉంటుంది. రెండూ నూనెలే, తయారైన సరుకు వేరు. రబ్బరు కూడా అంతే. వేసవి కోసం కలిపిన రబ్బరు సుమారు 45 డిగ్రీల (7 సెల్సియస్) నుంచి కిందికి పోయే కొద్దీ బిరుసెక్కుతుంది. వింటర్ టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని దిమ్మెల మీద సన్నని కత్తిగాట్లు వందలకొద్దీ ఉండి స్నోను కరిచి పట్టుకుంటాయి. ఈ విద్యలో పెద్దలు ఫిన్లాండ్ వారు. ఒక ఫిన్నిష్ రబ్బరు కంపెనీ 1934లో లారీల కోసం, 1936లో కార్ల కోసం మంచు టైర్లు తయారుచేసింది. ఆ కంపెనీయే 1967లో మనందరికీ సెల్‌ఫోన్ల ద్వారా తెలిసిన నోకియాలో కలిసింది. తరువాత టైర్ల విభాగం నోకియన్ పేరుతో విడిపోయింది.

ప్రతి గుణానికీ వెల ఉంటుంది. ఆ మెత్తదనం వల్లనే 50 డిగ్రీల వానలో వింటర్ టైరు మంచి ఆల్ సీజన్ టైరు కన్నా ఎక్కువ దూరం పోయి ఆగుతుంది, త్వరగా అరుగుతుంది కూడా. మన చలికాలంలో స్నో కన్నా వానే చాలా ఎక్కువని గుర్తుంచుకోండి.

"మాది ఆల్ వీల్ డ్రైవ్, మాకేం భయం లేదు" అనేది మనవాళ్ళలో తరచూ వినబడే మాట. నాలుగు చక్రాలూ తిరగడం కారు కదలడానికి, ఎత్తు ఎక్కడానికి సాయపడుతుంది. ఆపడానికి కాదు. బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకూ ఉన్నాయి. సులువుగా కదిలే కారు వేగం అందుకుంటుంది, ఆగాల్సి వచ్చినప్పుడు దాని బండారం బయటపడుతుంది.

టైరు పక్క గోడ మీద రెండు గుర్తులు చూడాలి. ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు బురద, స్నో అని చెబుతాయి. అది గాడుల ఆకారాన్ని బట్టి ఇచ్చే పేరు మాత్రమే, పరీక్ష పెట్టి ఇచ్చింది కాదు. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచుపువ్వు ఉన్న బొమ్మ 1999లో వచ్చింది. స్నో మీద ఒక ప్రామాణిక టైరు కన్నా కనీసం పది శాతం ఎక్కువ పట్టు చూపిన టైరుకే ఆ బొమ్మ ఇస్తారు. ఐస్ మీద పరీక్ష అందులో లేదు. ఈ బొమ్మ ఉండి, ఏడాది పొడుగునా వాడుకోగల టైర్లను ఆల్ వెదర్ అంటారు. ఆల్ సీజన్, ఆల్ వెదర్ వినడానికి ఒకటిలా ఉన్నా ఒకటి కావు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఏడాదికి 12,000 మైళ్ళు నడిపే కారు, ఆరేళ్ళు అనుకుందాం. ఆల్ సీజన్ సెట్టు 800 డాలర్లు, 50,000 మైళ్ళు వస్తుంది; ఆరేళ్ళకు ఖర్చు సుమారు 1,150. అయిదు నెలలు వింటర్ టైర్లు వేస్తే ఆ కాలంలో మామూలు టైర్లు విశ్రాంతి తీసుకుంటాయి కనుక వాటి ఖర్చు 670కి తగ్గుతుంది. వింటర్ సెట్టు 800, వేరే రిమ్ములు 500, ఏడాదికి రెండుసార్లు మార్పించడానికి తడవకు 50 చొప్పున 600. మొత్తం దాదాపు 2,570. అంటే ఏడాదికి అదనంగా 235 డాలర్లు, గరాజులో ఒక మూల. ఆల్ వెదర్ సెట్టు 900 అయి అంతే మైళ్ళు వస్తే అదనపు ఖర్చు ఏడాదికి పాతిక డాలర్లే. ధరలు మీ కారుని బట్టి మారతాయి. లెక్క తీరు మాత్రం ఇదే.

ఈ 235 డాలర్లు ఎక్కువా తక్కువా? స్నో ఎన్ని రోజులు పడుతుందన్నది సరైన ప్రశ్న కాదు. ఆ రోజుల్లో మనం వాయిదా వేయలేని ప్రయాణాలు ఎన్ని అన్నది సరైన ప్రశ్న.

ఇంటి నుంచి పని చేసుకోగలవారు, చదునైన చోట ఉన్నవారు, కొండలు దాటనివారు ఏమీ కొననక్కర్లేదు. గాడులు లోతుగా ఉన్న ఆల్ సీజన్ టైర్లు, రెండు రోజులకు సరిపడా పాలు, కూరలు చాలు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

ఆసుపత్రిలో డ్యూటీ ఉన్న డాక్టరు, నర్సు, వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి వెళ్ళే అత్తగారో మామగారో ఉన్న ఇల్లు, సమామిష్, ఇసాక్వా హైలాండ్స్ లాంటి ఎత్తు మీద కాపురం, ఈ చలికాలమే కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లలు: వీరికి ఆల్ వెదర్ టైర్లు తగినవి. పాతవి అరిగినప్పుడు మార్చితే ఖర్చు తెలియదు.

మూడో రకం, కనుమలు దాటేవారు. సియాటిల్ నుంచి గంట ప్రయాణంలో ఉన్న స్నోక్వాల్మీ కనుమ ఎత్తు సుమారు 3,000 అడుగులు. అక్కడ ఏడాదికి పడే స్నో నాలుగు వందల అంగుళాల ప్రాంతం. లెవెన్‌వర్త్ దీపాలు చూడటానికి వెళ్ళే దారిలోని స్టీవెన్స్ కనుమ ఇంకా ఎత్తు. పిల్లలకు స్కీయింగ్ నేర్పిస్తున్నవారూ, పుల్‌మన్‌లో చదివే పిల్లల్ని తీసుకురావడానికి తరచూ వెళ్ళేవారూ మెత్తని వాతావరణంలో ఉంటున్నట్టు కాదు. వారికి అసలైన వింటర్ టైర్లు కావాలి. ఏడాదికి ఒక్కసారి వెళ్ళేవారు గొలుసులు కొని, పొడి గరాజులో ఒకసారి బిగించి చూసుకుని, రోజు చూసి బయలుదేరితే సరిపోతుంది. ఏ రకం గొలుసులు పట్టేదీ కారు పుస్తకంలో చూడండి. గొలుసులు తప్పనిసరి అని బోర్డు పెట్టినప్పుడు లేకుండా వెళితే 500 డాలర్ల దాకా జరిమానా.

ఏ దారి ఎంచుకున్నా కొన్ని పద్ధతులు తప్పవు. టైర్లు నాలుగూ ఒకే రకం ఉండాలి. ముందు రెండే మారిస్తే వెనుక చక్రాలు జారి కారు గిర్రున తిరుగుతుంది. క్వార్టరు బిళ్ళను తలకిందులుగా గాడిలో పెట్టి చూడండి. వాషింగ్టన్ తల పైభాగం పూర్తిగా కనబడితే లోతు అంగుళంలో ఎనిమిదో వంతుకు తగ్గినట్టు. కనుమల మీద ఈ రాష్ట్రం అడిగే కనీసపు లోతు అదే. చలి పది డిగ్రీలు పెరిగితే టైరులో గాలి ఒక పి.ఎస్.ఐ. తగ్గుతుంది, నెలకోసారి కొలవండి. వంతెనలు అన్నిటికన్నా ముందు గడ్డకడతాయి.

డాలస్, అట్లాంటాలలో ఉన్న మన బంధువులకూ ఈ లెక్క వర్తిస్తుంది, అక్కడ కనుమల గొడవ లేదు కనుక ఇంకా సులువుగా. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో గడ్డకట్టిన రహదారి మీద నూటముప్ఫైకి పైగా వాహనాలు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. అది స్నో కాదు, ఐస్, పైగా తెల్లవారకముందు. అలాంటి చోట నాలుగు కొత్త టైర్లకన్నా, ఆ పూట పనికి రాలేనని పై అధికారికి చెప్పగల ధైర్యమే ఎక్కువ పనిచేస్తుంది.

మనం పరాయి దేశంలో కొత్త ఉద్యోగాల్లో కుదురుకున్న తరం. ఆఫీసుకి సెలవు పెట్టడానికి సంకోచించడం మనలో జీర్ణించుకుపోయింది. టైర్ల దుకాణానికి వెళ్ళే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కాగితం మీద తప్పనిసరి ప్రయాణాలు రాయండి. ఒక్కొక్కటీ నిజంగా తప్పనిసరేనా అని అడుగుతూ కొట్టేయండి. కాగితం మీద ఏమీ మిగలకపోతే డబ్బు దాచుకోండి. ఒక్కటి మిగిలినా, దానికి తగిన టైర్లు మంచు పడే ముందే వేయించండి.