వనస్థలిలో గురువు, ఇంటిస్థలంలో లఘువు

బాలాపూర్ చుట్టుపక్కల రోడ్ల మీద ‘స్థల’ అనే మాట రెండు రకాల బోర్డుల్లో కనబడుతుంది. ఒకటి వనస్థలిపురానికి దారి చూపేది. రెండోది ఇంటిస్థలాలు అమ్ముతామనేది. ఈ రెండో రకానికి ఎక్కడా కరువు లేదనుకోండి. ఆ రెండు మాటలనూ నిదానంగా పైకి అని చూడండి. మొదటిదాంట్లో ‘స్’ వెనక్కి జరిగి ‘న’ను అంటుకుంటుంది: వ-నస్-థ-లి. రెండోదాంట్లో అది ‘టి’ జోలికి పోదు: ఇం-టి-స్థ-లం.

పద్యం రాసేవాళ్లకు ఇది పాత సంగతే. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. దీర్ఘమైతే గురువు, సున్నా చేరినా, పొల్లు చేరినా, తర్వాత సంయుక్తాక్షరం వచ్చినా గురువే. అయితే ఈ చివరిదానికి తెలుగులో ఒక హద్దు ఉంది. వన, స్థలి రెండూ సంస్కృతం. అవి కలిస్తే ఒకే మాట కింద లెక్క, అందుకే ‘స్థ’ బరువు ‘న’ మీద పడుతుంది. ఇంటి తెలుగు, స్థలం సంస్కృతం. ఎంత దగ్గరగా కూర్చోబెట్టినా లాక్షణికులు వాటిని వేరు మాటలుగానే తూచారు, ‘టి’ లఘువుగానే మిగిలింది. రెండు నామవాచకాలు అతుక్కుని ఒక్కటయ్యాయా లేదా అన్నది ఇక్కడ అక్షరం బరువును బట్టి తెలుస్తోంది.

నార్వే వాళ్లకు ఆ పని ఊనిక, అంటే ఒక అక్షరాన్ని ఒత్తి పలకడం, చేసిపెడుతుంది. వాళ్ల భాషలో రెండు నామవాచకాలు కలిస్తే సాధారణంగా మొదటిదాని ఊనికే ప్రధానంగా నిలుస్తుంది, రెండోదాని ఊనిక తగ్గుతుంది. రాతలోనూ కలిపే రాయాలి. ‘లమ్మెలోర్’ అని కలిపి రాస్తే గొర్రెపిల్ల తొడమాంసం. మధ్యలో ఖాళీ వదిలితే చచ్చుబడిన తొడలు. మాంసం కొట్టు ముందు ఈ రెండోది రాస్తే ఎవరైనా లోపలికి వస్తారా?

మనకు ఊనికతో అర్థం మారే మాటలు లేవు. మార్చేది అచ్చు నిడివి: కల వేరు, కాల వేరు, పట వేరు, పాట వేరు. కలిసిన మాటకూ విడి మాటలకూ తేడా మాత్రం మనకూ ఉంది. నల్లమందు అంటే అభిని. నల్లరంగులో ఉన్న ఏ మందైనా నల్ల మందే. తేడా చూపాల్సి వస్తే మనం ‘నల్ల’ను ఒత్తి పలకం. మధ్యలో కాస్త ఆగుతాం, లేదా ‘నల్లటి మందు’ అని మాటనే మార్చేస్తాం.

మన బస్తీల పేర్లను కూడా ఒకసారి తూచి చూద్దాం. బాలాపూర్‌లో మూడూ గురువులే, నిండు మగణం. దిల్‌సుఖ్‌నగర్ గురువు, గురువు, లఘువు, గురువు. ఎల్బీనగర్ కూడా అచ్చం అంతే. లాల్ బహదూర్ నగర్‌ను జనం కుదించుకుంటే అది దిల్‌సుఖ్‌నగర్ నడకలోకే వచ్చి పడింది. ఆటోవాళ్లు రెంటినీ ఒకదాని వెంట ఒకటి అరుస్తుంటే చెవికి ఒకే దరువు. సరూర్‌నగర్ మాత్రం లఘువుతో మొదలై వేరే నడక నడుస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్‌ను రాయడంలో ఇంకో చిక్కుంది. కంప్యూటర్‌లో మామూలుగా కొడితే వత్తులు పడి దిల్సుఖ్నగర్ అవుతుంది. పొల్లు విడిగా నిలవాలంటే మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి చొప్పించాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. ఎలా రాసినా నోరు పట్టించుకోదు: దిల్-సుఖ్-న-గర్. లిపి విడదీసే చోటు ఒకటి, నాలుక విడదీసే చోటు ఇంకొకటి. అచ్చులో వరుస చివర చోటు చాలకపోతే ‘వన’ దగ్గర ఆపి ‘స్థలిపురం’ కింద మొదలుపెట్టొచ్చు. మాటల అతుకు కూడా అక్కడే ఉంది. నాలుక మాత్రం ‘వనస్’ దాకా వచ్చిగానీ ఆగదు.

అచ్చ తెలుగు సమాసాల్లో అతుకు ఇంకోలా బయటపడుతుంది. సరూర్‌నగర్ రైతుబజారులో వంకాయ, బెండకాయ, దొండకాయ, బీరకాయ అన్నీ కాయలే. అన్నింటినీ కలిపి పిలిచేటప్పుడు మాత్రం కూరగాయలు. ఈ ఒక్కచోటే కాయ ఎందుకు గాయ అయింది? బెండకాయలో బెండ అనేది అది ఏ కాయో చెప్పే మాట. కూరగాయల్లో ఎక్కువ తక్కువలు లేవు, కూరలూ కాయలూ అని అర్థం. ఇలాంటి ద్వంద్వంలో రెండో మాట మొదట్లోని క, చ, ట, త, పలు వరుసగా గ, స, డ, ద, వలు అవుతాయి. తల్లిదండ్రులు, అన్నదమ్ములు అలా వచ్చినవే. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి దీన్ని సూత్రంగా కట్టాడు. నన్నడిగితే ఈ ‘గ’ నార్వే ఊనిక కన్నా ఎక్కువ పని చేస్తోంది. రెండు మాటలు కలిశాయనే కాదు, సమానంగా కలిశాయని కూడా చెబుతోంది.

ద్వంద్వం కాని చోట్లా ఈ మెత్తదనం ఉంది. పూవు, తోట కలిసి పూదోట అయింది. కానీ ఆ అలవాటు కొత్త మాటల్లో కనబడదు. ద్రాక్షతోట ద్రాక్షదోట కాలేదు. ఇంటికొచ్చిన చుట్టాలకు టీకాఫీలు ఇస్తాం గానీ టీగాఫీలు ఇవ్వం. బాలాపూర్ గణేశుడి లడ్డూకు 1994 నుంచి పేరు తెచ్చిన వేలంపాటలోనూ ‘ప’ చెక్కుచెదరలేదు.

ఇప్పటికీ ఆగకుండా జరుగుతున్నది హ్రస్వాల అరుగుదల. వంగ, కాయ కలిసి ఎప్పుడో వంకాయ అయిపోయింది. మాటల్లో మామిడికాయ మామిడ్కాయ, కొబ్బరికాయ కొబ్బర్కాయ అవుతున్నాయి. ఎగిరిపోయేది నడిమి అచ్చే, మొదటిది కాదు. ఊనికతో అర్థం మారని భాషలోనూ మొదటి అక్షరానికి ఈమాత్రం పట్టుంది.

ఇంగ్లీషు మాటలనూ జనం ఇదే దారిలో పెట్టారు. స్టేషన్ ఒంటరిగా వస్తే మొదటి ‘స్’కు ఆనుకునే చోటు లేదు. అందుకే కొందరు ముందు ‘ఇ’ చేర్చి ఇస్టేషన్ అంటారు, కొందరు ‘స్’ తీసేసి టేషన్ అంటారు. బస్ పక్కన స్టాండ్ వస్తే ఆ తిప్పలే లేవు. రెండు ‘స్’లలో ఒకటి జారిపోతుంది, మిగిలింది ‘బ’కు ఆనుకుంటుంది: బస్టాండ్, రెండు గురువులు.