బొమ్మ రైలుకు తుప్పు పట్టించేవారు

మత్తయి సువార్త 6వ అధ్యాయములో చిమ్మెటను గూర్చి, తుప్పును గూర్చి మన ప్రభువు చేసిన హెచ్చరిక ఎరుగని విశ్వాసి ఉండడు. ఆ మాట వింటూ పెరిగిన మేము, తుప్పును కోరి తెచ్చుకొని, కళ్ళద్దాలు సర్దుకొని, సన్నని కుంచెతో గంటల తరబడి పూసే మనుషులను మొదటిసారి చూచినప్పుడు నవ్వుకొన్నాము. ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు.

మా అమ్మాయి కుటుంబం అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రములో ఉన్నది. మేము వెళ్ళిన ఏడు, వారి సంఘమువారు ఒక శనివారం ఆలయం ప్రక్కనున్న హాలులో నమూనా రైళ్ల ప్రదర్శన పెట్టారు. పిల్లలు తాడు కట్టి లాగే బొమ్మలు కావవి. నిజమైన రైలును కొలతలు తప్పకుండా 87వ వంతుకు తగ్గించి చేసినవి. ఆ లెక్కన 40 అడుగుల గూడ్సు పెట్టె అయిదున్నర అంగుళాలు అవుతుంది. ఆరడుగుల మనిషి అంగుళమైనా ఉండడు. పట్టాలు, స్టేషన్లు, వంతెనలు, మిల్లులు, ఇళ్లు అన్నీ ఆ కొలతకే కట్టి, బల్లలమీద ఒక లోకాన్నే పరచుకొంటారు.

హాలులో ఒక మూల రిటైరైన రైల్వే ఉద్యోగి ఒకాయన కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు గూడ్సు బండ్లమీద పనిచేశాడట. ఆయన ముందు కొత్త గూడ్సు పెట్టె ఒకటి, నిగనిగలాడే ఎర్రటి ప్లాస్టిక్కుది. దాని ప్రక్కన ఉప్పు డబ్బా! ఉప్పు దేనికని అడిగాము. చేసి చూపించాడు.

మొదట పెట్టెకు తుప్పు రంగు వేసి ఆరనిస్తారు. తుప్పు కనబడవలసిన చోట మాత్రం నీళ్లతో తడిపి, దానిమీద ఉప్పు చల్లుతారు. నీరు ఆరగానే ఉప్పు అంటుకొని ఉంటుంది. అప్పుడు పెట్టెకు అసలు ఉండవలసిన రంగును పైనుంచి పలుచగా చిమ్ముతారు. అది ఆరిన తర్వాత వ్రేలితోనో గట్టి కుంచెతోనో ఉప్పును దులిపితే, పై రంగు పెచ్చులూడి లోపలి తుప్పు బయటపడినట్లు కనబడుతుంది. వంటింటి ఉప్పుతో ఇరవై ఏళ్ల ఎండావానా అరపూటలో వచ్చేస్తుంది. ఈ పనిని వారు వెదరింగ్ అంటారు. నిచ్చెన మెట్లు, పట్టుకొనే కమ్మీలు, బ్రేకు గొట్టాలు వంటి చిన్నచిన్న భాగాలను వెంట్రుకంత తీగతో చేసి అతికించడాన్ని డిటెయిలింగ్ అంటారు. రెండూ కలిస్తేనే బొమ్మ రైలవుతుంది.

ఆయన ప్రక్కన పదేళ్ల మనవడు మరో పెట్టెను పట్టుకొని, గోధుమరంగు పొడిని నలువైపులా ధారాళంగా పూస్తున్నాడు. పెద్దాయన దాన్ని చేతికి తీసుకొని చూచి, "ఈ తుప్పు ఎక్కడినుంచి వచ్చింది?" అని అడిగాడు. పిల్లవాడు బిక్కమొహం వేశాడు. ఆయన కోపపడలేదు. తడిగుడ్డతో అంతా తుడిచివేసి మళ్లీ చేతికిచ్చాడు.

ఆ ఒక్క ప్రశ్నలోనే ఈ విద్య అంతా ఉన్నదని మాకు ఆ సాయంకాలం తెలిసింది. మురికి ఎక్కడపడితే అక్కడ ఉండదు. గీత పడినచోట, రివెటు అంచున, నీరు నిలిచే మూలలో తుప్పు మొదలవుతుంది. అక్కడినుంచి వానతోపాటు నిలువుగా క్రిందికి జారుతుంది. చక్రాలు ఎగజిమ్మిన బురద పెట్టె వెనుక గోడమీద, చక్రాలకు సరిగ్గా ఎదురుగా రెండు నిలువు చారలై లేస్తుంది. సిమెంటు, ధాన్యం పోసే పెట్టెలకు పైమూతల దగ్గరనుంచి తెల్లని జారుళ్లు ఉంటాయి. నూనె ట్యాంకరుకు మూత చుట్టూ నల్లగా ఒలికిన మరకలు. ఆవిరి ఇంజనుకైతే బాయిలరు నీరు కారి ఆరినచోట సున్నపు చారలు. రైలు పట్టా ప్రక్కలు తుప్పురంగు, పైభాగం మాత్రం చక్రాలు నడిచి నడిచి వెండిలా మెరవాలి. రెండు పెట్టెలను కలిపే కొక్కేనికి అమెరికాలో రంగు వేయరు గనుక అదెప్పుడూ తుప్పుతోనే ఉంటుంది. ఇవన్నీ ఆ పెద్దాయన పుస్తకం చూచి చెప్పినవి కావు. రాత్రింబగళ్లు, మంచులో, వానలో ఆ పెట్టెల నిచ్చెనలు ఎక్కి దిగినవాడాయన.

అమెరికాలో ఈ పద్ధతికి బాట వేసినవారిలో ముఖ్యుడు జాన్ అలెన్. 1913లో పుట్టాడు, వృత్తిరీత్యా ఫొటోగ్రాఫరు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో తన ఇంటి క్రింది భాగమంతా కొండలు, లోయలు, రైలుదారులతో నింపాడు. ఆ రోజుల్లో కొత్త బొమ్మను కొత్తగానే ఉంచుకోవడం గొప్ప. ఈయన వచ్చి ఇంజన్లకు మసి, గోడలకు పెచ్చులు, కప్పులకు తుప్పు పెట్టాడు. వాటి ఫొటోలు పత్రికలలో పడి ఎందరో ఆ దారి పట్టారు. అంత నిజాయితీగా పనిచేసినవాడే యార్డులో పెట్టెలు లాగడానికి ఇంజనుకు బదులు ఒక రాక్షసబల్లి బొమ్మను పెట్టి, దానికి ఎమ్మా అని పేరు పెట్టాడు! గంభీరమైన పనిలోనూ నవ్వుకు చోటుండాలని మా అభిప్రాయం కూడా.

1973 జనవరిలో జాన్ అలెన్ గుండెపోటుతో మరణించాడు. కొద్ది రోజులకే ఆ ఇంట్లో నిప్పు అంటుకొని, ఇంచుమించు 20 సంవత్సరాలు కట్టిన రైలుదారి కాలిపోయింది. నిలిచినవి ఫొటోలు, ఆయన నేర్పిన విద్య.

ఈ సంగతి మేము తిరిగివచ్చి మా సంఘ పెద్ద ఒకాయనతో చెప్పగా, "చూశారా అండీ, అంతా బూడిదే. మరి అంత కష్టం దేనికి? కొత్త బొమ్మను కొని పాడుచేయడం ఏ వాక్యంలో ఉంది?" అన్నారు. ఆ మాటను మేము తేలికగా తీసుకోలేదు. ఆ దేశంలో ఒక్కొక్క పెట్టె ఖరీదు మన కూలివాని రోజుల కూలి. అప్పుచేసి, ఇల్లాలికి చెప్పకుండా పెట్టెలు కొని దాచేవారు ఆ హాలులోనే ఉన్నారని వారే నవ్వుతూ చెప్పారు. మాకు నవ్వు రాలేదు. ఆరాధన మానుకొని ఆదివారం రంగులు పూసేవాని చేతిలో అది విగ్రహమే అవుతుంది. అయినా ఆ పెద్దాయనకు మేమిచ్చిన జవాబు వేరు. ఇంగ్లండులోని ఇద్దరు పాదిరుల సంగతి చెప్పాము.

ఒకరు విల్బర్ట్ ఆడ్రీ. 1943లో తట్టు పోసి మంచానపడిన తన కుమారునికి రైలింజన్ల కథలు చెప్పాడు. అవే 1945 నుండి 1972 వరకు 26 చిన్న పుస్తకాలై, టీవీలో పిల్లలందరూ చూచే థామస్ అనే నీలి ఇంజను అయినాయి. ఆయన తన నమూనా రైలును ప్రదర్శనలకు తీసుకువెళ్ళి నడిపేవాడు.

రెండవవారు పీటర్ డెన్నీ. మన దేశములో ఆయన పేరు ఎవరికీ తెలియదు గాని, నమూనా రైళ్లవారికి ఆయన గురుతుల్యుడు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తొలి సంవత్సరాలలో, సరుకులు దొరకని కాలంలో, బకింగ్‌హాం అనే ఊరికి ఒక రైలుదారిని ఊహించి కట్టనారంభించాడు. ఎక్కువభాగం అట్టముక్కలతోనే! సంఘ కాపరిగా తన పని చేసుకొంటూనే ఆయన పెద్ద వయసువరకు దానిని పెంచుతూ వచ్చాడు. రైలు నడపడానికి అవతలి స్టేషనులో కుమారుడు క్రిస్పిన్ సాయముండేవాడు. కుమారుడు లేనప్పుడు ఆ పని చేయడానికి స్వయంగా ఒక యంత్రాన్ని తయారుచేసి, దానికి ఆటోమేటిక్ క్రిస్పిన్ అని పేరు పెట్టుకొన్నాడు. 2009లో డెన్నీ ప్రభువునందు నిద్రించిన తరువాత కూడ ఆ రైలుదారి చెదరిపోలేదు. మరొకరు దానిని తమ ఇంటికి చేర్చి నడుపుతూ వచ్చారు.

డెన్నీ రైలుదారిలో ఇంకొక పాఠం ఉన్నది. అందులోని కాలం 1907. ఆ కాలపు ఇంగ్లండులో కూలి తక్కువ, ఇంజన్లు తుడవడానికే షెడ్డుల్లో కుర్రవాళ్లు ఉండేవారు, కాబట్టి ఇంజన్లు అద్దంలా ఉండేవి. అదే దేశంలో 1960 తర్వాత తుడిచేవారు కరువై, ఆవిరి బండ్లు పోతాయని తెలిసి, ఇంజన్లు మసిగుడ్డల్లా తిరిగినవి. 1968 ఆగస్టులో అక్కడి ప్రభుత్వ రైల్వేలో ఆవిరి బండ్లు ఆగిపోయినవి. 1907 ఇంజనుకు 1967 మసి పూస్తే అది అబద్ధం. మురికి ఎంతుందో చూస్తే ఎందరు పనివారున్నారో, వారికి ఎంత ఆదరణ ఉందో తెలుస్తుంది. బొగ్గుపార పట్టినవాని బ్రతుకు కూడా ఆ మసిలో ఉన్నది.

ఇళ్ల విషయానికి వస్తే, ఇంగ్లండులోనే ఆక్స్‌ఫర్డుషైరులో లాంగ్ విట్టెన్‌హాం అనే పల్లెలో పెండన్ మ్యూజియం ఉన్నది. 1925లో ఆస్ట్రేలియానుంచి వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే యువకుడు, ఆ ప్రాంతపు గడ్డి కప్పుల ఇళ్లు ఒక్కొక్కటే మారిపోవడం చూచి, అవి పూర్తిగా పోకముందే ఉన్నవి ఉన్నట్లు చిన్నవిగా కట్టి దాచాలనుకొన్నాడు. 1954లో మ్యూజియం ఆరంభమైంది. అట్టతో గోడలు, జనపనార వంటి పీచుతో గడ్డి కప్పు, కిటికీలో తెర, పెరట్లో కూరపాదులు. ఒక్క ఇంటికి నెలలు పట్టేది. ఆ గోడల మరకలు ఊహించి పూసినవి కావు. ఆ ఇంటికి వెళ్లి, నిలబడి, కొలతలు తీసి, చూచి పూసినవి.

కట్టడాలకు మరకలు పెట్టే పని పెట్టెలకన్నా సులువనిపించింది మాకు. ఇటుక గోడకు ముందు ఇటుక రంగు వేసి, ఆరాక, సున్నపు రంగును నీళ్లలో పలుచగా కలిపి పూసి, వెంటనే గుడ్డతో తుడిస్తే, సందుల్లో మాత్రం నిలిచి సున్నపు గీతలు వస్తాయి. కిటికీ క్రింది అంచునుంచి చారలు, వాననీటి గొట్టం పగిలినచోట పాచి, నేలకు జేనెడు ఎత్తువరకు చిందిన మట్టి, పొగగొట్టం అంచున మసి. రైళ్లు దూరిపోయే వంతెన కమానుకు పైభాగమే నల్లబడాలి. మెట్ల మధ్యభాగం అరగాలి, ఎందుకంటే కాళ్లు పడేది అక్కడే. ఇవన్నీ చూడడానికి ఇంగ్లండు పోనక్కరలేదు. మన ఊరి గుడి అరుగు చాలు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆ పెద్దాయన ఒక పాత పెట్టెను మా చేతిలో పెట్టాడు, పూసి చూడండి అని. మా అనుభవం చెప్తాము, మీరు నష్టపోకుండా. రంగు నిలవడానికి పైన మెరుపులేని వార్నీషు కొడతారు. అది కొట్టిన తర్వాత ఇంకా పలుచటి మసి పూద్దామని, స్పిరిటులో నల్ల సిరా కలిపి పూశాము. తెల్లారేసరికి పెట్టె అంతా పాలిపోయి బూజు పట్టినట్లయింది. ఎండకు వెలిసిన పెట్టె కావాలంటే కొందరు కావాలనే అలా చేస్తారట. మాకు కావలసింది అది కాదు. వార్నీషు మళ్లీ పలుచగా కొడితే చాలావరకు పోయింది. తరువాత కొన్న పొడులు మానివేసి, మెత్తగా నూరి గుడ్డలో జల్లించిన బొగ్గుపొడి, పెంకు పొడి వాడాము. పొడిగా ఉన్న కుంచెతో అద్ది, అక్కరలేనిది ఊదివేస్తే చాలు. పొడులు పూసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. స్ప్రే ఆరుబయటే కొట్టండి, పసిపిల్లలను దగ్గరకు రానీయకండి.

క్రిస్మసుకు ఆలయంలో మా సండేస్కూలు పిల్లలు పశువుల పాక కడతారు. ఏటా బంగారు కాగితం అంటించేవారు. మొన్నటి డిసెంబరులో ఆ అట్టపాక గోడకు పశువు ఒళ్లు రుద్దుకొన్న మెరుపు, తొట్టి అంచున నోళ్లు తగిలి అరిగిన మచ్చ పెట్టాము. ఒక ముసలి అవ్వ దగ్గరకు వచ్చి, వంగి, చాలాసేపు చూచింది. "మా ఇంటి కొట్టమే" అన్నది.

ఆ గూడ్సు పెట్టె మాత్రం మా బల్లమీదనే ఉంది. తలుపు దగ్గర ఒక తుప్పు చార బాగా కుదిరిందని మురిసిపోయి, సెలవులకు వచ్చిన మనవడికి చూపించాము. వాడు కళ్లదగ్గర పెట్టుకొని అటూ ఇటూ తిప్పి, "తాతయ్యా, వాన ప్రక్కకు కురుస్తుందా?" అన్నాడు. చార నిజంగానే అడ్డంగా పోయింది. బండి వేగంగా పోతుంది గదరా అని చెప్పబోయాము. కాని వాడు అప్పటికే తడిగుడ్డ తేవడానికి వెళ్లాడు.