దైనందిన జీవితమున సంతోషము – స్వీయ లక్ష్యముల నిర్ణయము

ప్రతి సంవత్సరము గ్రామ పంచాయతీ ఒక అభివృద్ధి ప్రణాళికను సిద్ధము చేసి గ్రామసభ ముందుంచుట సభ్యులందరికి పరిచితమైన పని. ఏ వీధికి మురుగుకాలువ కావలెనో, ఏ వాడకు మంచినీటి గొట్టము వేయవలెనో, అందుకు సొమ్ము ఎచ్చటి నుండి వచ్చునో, పని ఎప్పటికి ముగియవలెనో అందు వ్రాయబడును. ఊరి విషయమున ఇంతటి ముందుచూపు గల సభ్యులు తమ సొంత జీవితమును గూర్చి ఒక్క పంక్తియైనను వ్రాసికొనుట అరుదు. కుశలమడిగినచో "ఏదో గడచిపోవుచున్నదండీ" అందురు.

ఆ గడచుట యెట్టిదో చూడుడు. తెల్లవారకమునుపే వీధిదీపము వెలుగలేదని ఒకరు ఫోను చేయుదురు. ఆ పని చూచి పొలమునకు పోవుసరికి ప్రొద్దెక్కును. మధ్యాహ్నము మండల కార్యాలయము, సాయంకాలము గట్టు తగాదా. రాత్రి కంచము ముందు కూర్చున్నంతనే మరల ఫోను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను పంచాయతీ స్థానములలో సగము మహిళలకు కేటాయింపబడినవి. ఆ సభ్యురాండ్రకు ఈ పనులన్నింటికి తోడు వంట, పశువుల మేత, పిల్లల చదువు ఉండనే యున్నవి. ఇంతగా శ్రమించినను బిల్లు రాక కాలువ పని నిలిచిపోయినచో ఆ చికాకు బిల్లు ఆపినవారి మీదికి పోదు, ఇంటివారి మీదికి వచ్చును. తన సంతోషమును తన చేతిలో లేని విషయములకు ముడివేసికొనుటయే ఇందలి చిక్కు. నిధుల మంజూరు, గుత్తేదారుని రాక, వాన, ఇవి యేవియు సభ్యుని మాట వినునవి కావు.

తన మాట వినునది తన దినచర్య యొక్కటియే. స్వీయ లక్ష్యము దానియందే నాటుకొనవలెను. "సంతోషముగా నుండవలెను" అనునది కోరికయే గాని లక్ష్యము గాదు. "రాత్రి ఎనిమిది గంటలకు పిల్లలతో కలసి భుజింతును" అనునది లక్ష్యము. రాత్రి పడుకొనునప్పుడు అది జరిగినదో లేదో ఇతరులనడుగకయే తెలియును.

అయితే లక్ష్యములన్నియు సంతోషమునిచ్చునవి కావు. ప్రక్క ఇంటివారు రెండంతస్తుల మేడ కట్టిరి గనుక తామును కట్టవలెనని, వియ్యంకుల యెదుట చులకన కారాదని శక్తికి మించిన అప్పు చేసి పెండ్లి జరుపవలెనని పూనుకొన్నవారిని మనమందరము చూచినాము. మేడ లేచును, పెండ్లియు జరుగును. వడ్డీ మాత్రము ఏండ్ల తరబడి నిద్ర చెరచును. అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞులగు కెన్నన్ షెల్డన్, ఆండ్రూ ఎలియట్ అనువారు 1999లో ప్రకటించిన పరిశోధనల సారము గూడ దీనికి దగ్గరగనే యున్నది. తమ ఆసక్తి వలన, తమ నమ్మకము వలన ఎన్నుకొన్న లక్ష్యములకై మనుష్యులు పట్టు విడువక శ్రమింతురు, అవి నెరవేరినప్పుడు వారికి కలుగు తృప్తియు అధికము. ఒత్తిడి వలన, సిగ్గు వలన తలకెత్తుకొన్న లక్ష్యములు అట్లు తృప్తినీయవు. కావున ఏదైన ఒక పని తలపెట్టునప్పుడు "ఎవ్వరును చూడకున్నను నేనీ పని చేయుదునా?" అని ప్రశ్నించుకొనుట మంచిది.

ఈ విషయమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) చేసిన ప్రయత్నము మన సభ్యులు తెలిసికొనదగినది. ఆయన వృత్తిచే ముద్రాపకుడు. ఫిలడెల్ఫియా నగరమున 1731లో చందాదారుల గ్రంథాలయమును, 1736లో అగ్నిమాపక దళమును నెలకొల్పుటకు ముందు నిలిచినవాడు. అనగా మనవలెనే పదిమంది పనులు నెత్తిన వేసికొన్నవాడన్నమాట. ఆయన మితాహారము, మితభాషణము, క్రమము, మితవ్యయము మొదలగు 13 గుణములను ఎంచుకొని, ఒక చిన్న పుస్తకమున ఒక్కొక్క గుణమునకు ఒక్కొక్క పుట కేటాయించెను. పుటలో వారమునకు ఏడు నిలువు గళ్లు. తప్పిన దినమున ఆ గడిలో ఒక నల్లచుక్క. అన్ని గుణముల మీదను ఒక్కమారుగా పడక, వారమునకు ఒక గుణము మీద ముఖ్యముగా దృష్టి నిలిపెను. 13 వారములకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు ఆవృత్తులు.

వీనిలో ఫ్రాంక్లినును మిక్కిలి బాధించినది క్రమము. ప్రతి పనికిని ఒక వేళ, ప్రతి వస్తువునకును ఒక చోటు ఉండవలెనని ఆయన నియమము. కాని నలుగురితో మెలగుచు, వచ్చినవారిని వారు వచ్చిన వేళకే కలిసికొనవలసిన వానికి అది కష్టమని ఆయనయే తన స్వీయచరిత్రలో ఒప్పుకొనెను. ఆ మాట చదివిన సర్పంచి ఎవరైనను నవ్వుకొనక మానరు. తాను కోరిన పరిపూర్ణతను ఎన్నడును అందుకొనలేదనియు, అయినను ఆ ప్రయత్నము వలన అంతకుముందు కంటె మంచివాడను, సుఖవంతుడను అయితిననియు ఆయన వ్రాసెను. చుక్కలు పడుచునే యున్నను ఆయన పుస్తకమును పారవేయలేదు.

మనకు 13 అక్కరలేదు. ఒకటి చాలును, మించిన రెండు. కాని ఆ ఒక్కటి ఎప్పుడు, ఎచ్చట చేయుదుమో ముందే నిశ్చయించుకొనవలెను. జర్మనీ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పీటర్ గోల్‌విట్జర్, ఆయన సహచరి వెరోనికా బ్రాండ్‌స్టెటర్ 1997లో ప్రకటించిన ఒక ప్రయోగమున, క్రిస్మస్ సెలవులలో ఒక చిన్న నివేదిక వ్రాసి పంపుడని విద్యార్థులను కోరిరి. ఎప్పుడు, ఎచ్చట కూర్చుండి వ్రాయుదురో ముందే నిర్ణయించుకొన్నవారిలో మూడింట రెండు వంతుల కంటె ఎక్కువ మంది గడువులోపల వ్రాసిరి. అట్లు నిర్ణయించుకొననివారిలో వ్రాసినది సుమారు మూడింట ఒక వంతు మాత్రమే. "ఇక మీదట నడక సాగింతును" అనుకొనుట కంటె "పాలకేంద్రమున పాలు పోసిన వెంటనే చెరువుకట్ట ఆ చివరి వరకు నడచి వత్తును" అనుకొనుట మేలు. పాలు పోయుట ఎట్లును తప్పదు గనుక ఆ పనియే నడకను జ్ఞప్తికి తెచ్చును.

వేళ కుదురకున్నచో సంకల్పమును నిందించుకొన నక్కరలేదు. ఈ వ్యాసకర్త రాత్రి పడకకు ముందు పది పుటలు చదువవలెనని రెండు నెలలు ప్రయత్నించి, ప్రతి రాత్రియు రెండవ పుటలోనే నిద్రించి, తుదకు ఆ చదువును ఉదయపు కాఫీ వేళకు మార్చికొనెను. నాటి నుండి పుస్తకములు ముగియుచున్నవి.

అలవాటు కుదురుటకు ఎన్ని దినములు పట్టును? 21 దినములను మాట తరచు వినబడును గాని దానికి ఆధారము బలమైనది కాదు. లండనులోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 96 మందిని 12 వారములపాటు పరిశీలించి 2010లో ఫలితములను ప్రకటించిరి. వారి అంచనా ప్రకారము కొందరికి 18 దినములు చాలును, కొందరికి 254 దినములు పట్టవచ్చును, నడిమి సంఖ్య 66. ఒకనాడు తప్పినంత మాత్రమున అలవాటు కుదురుటకు చెప్పుకోదగిన భంగము కలుగలేదని గూడ వారు గమనించిరి. ఒకనాడు తప్పగానే "ఇది మనవల్ల కాదు" అని పూర్తిగా మానివేయువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

లక్ష్యమును చెప్పుకొను తీరును గూడ కొంచెము ఆలోచింపవలెను. "ఇంట కోపపడను" అనునది నిషేధము. కోపము వచ్చినప్పుడు మరేమి చేయవలెనో అది చెప్పదు. "కోపము వచ్చినచో లేచి కుండలోని నీరు ముంచుకొని త్రాగి, పిదప మాటాడుదును" అనుకొన్నచో చేతికొక పని దొరకును. పంచాయతీ పనులకును ఈ తీరే వర్తించును. "ఈ ఏడు రోడ్డు వేయింతును" అనునది సభ్యుని చేతిలో లేదు. "ప్రతి శుక్రవారము అర్జీల పుస్తకము తిరుగవేసి, జవాబు రానివానికి మరల జాబు వ్రాయుదును" అనునది పూర్తిగా ఆయన చేతిలోనిదే. రోడ్డు పడకున్నను ఆ శుక్రవారపు పని చేసితినను నెమ్మది మిగులును. రెండవ జాబుతో కదలిన కాగితములును కలవు.

భోజన వేళ ఫోను కట్టివేయుటకు పలువురు సంకోచింతురు. ఓటు వేసినవారు ఏమనుకొందురో యని భయము. దీనికి సులభోపాయము, ఇరుగుపొరుగు వార్డుల సభ్యులిద్దరు వంతులు వేసికొనుట. ఒకరు భుజించు గంటలో రెండవవారు ఫోనుకు పలుకుదురు. పాముకాటు, పురిటి నొప్పులు వంటివానికి 108 ఉండనే యున్నది. వీధిదీపము ఒక గంట ఆగగలదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. రెండు వారములకు పైగా నిద్రయు ఆకలియు లేక, ఇష్టమైన పనుల మీద గూడ మనసు పోక, బ్రతుకు భారమనిపించినచో దానికి లక్ష్యముల పుస్తకము మందు కాదు. అది వ్యాధి కావచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని కలిసికొనవలెను. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఉచితముగా ఏ వేళనైనను ఫోను చేసి తెలుగుననే మాటాడవచ్చును. అప్పుల బాధలో నున్న రైతుల యిండ్లకు పోవు సభ్యులు ఈ సంఖ్యను తమకొరకే గాక వారికొరకును వ్రాసి యుంచుకొనవలెను.

ఇక ఆరంభింపదలచినవారు సమావేశములకు తీసికొనిపోవు నోటు పుస్తకపు చివరి పుటను ఇందుకు వాడుకొనవచ్చును. పైన ఒక లక్ష్యమును, దాని వేళను, చోటును వ్రాసి, క్రింద ఏడేసి గళ్ల చొప్పున నాలుగు వరుసలు గీసికొనవలెను. తప్పిన నాడు చుక్క పెట్టవలెను. నాలుగు వారములు ముగిసిన పిమ్మట ఆ పుటను ఇల్లాలికో, భర్తకో, ఎదిగిన పిల్లలకో చూపి, చుక్కలు ఎక్కువ పడిన వారమున ఏమి జరిగెనో కలసి ఆలోచింపవలెను. కోతల దినములైనచో వేళను మార్చి, మరుసటి పుటలో మరల గళ్లు గీసికొనవలెను.